హిందూకోడు బిల్లు: సంప్రదాయ పక్షము వాదించినదేమి?

పదుమూడవ శతాబ్దమున మూలఘటిక కేతన విజ్ఞానేశ్వరుని మితాక్షరను ఆధారముగా గొని తెనుగున విజ్ఞానేశ్వరీయమను పద్యకృతిని రచించెను. దశకుమారచరిత్రమును తిక్కనకు అంకితమిచ్చిన కవియే, ఆంధ్రభాషాభూషణమను వ్యాకరణమును సంతరించినవాడే, అప్పులను, పొలిమేర తగవులను, అన్నదమ్ముల పాళ్ళను గూర్చి పద్యములు చెప్పుట చిన్నతనముగా తలపలేదు. తండ్రి సొత్తు ఎవరికి ఎంత చెందవలెనను ప్రశ్న ఆనాడు తెనుగు కవికి కవితావస్తువు కాగలిగినది. ఏడువందల యేండ్ల తరువాత ఆ ప్రశ్నయే ఢిల్లీ శాసనసభకు వచ్చినది. అక్కడ దానిని ఇంగ్లీషున వాదించిరి. ఆ వాదమునకు హిందూకోడు బిల్లు అని పేరు.

ఈ బిల్లు కథను మన రచయితలు సామాన్యముగా ఒక్క వాక్యమున ముగింతురు: సనాతనులు అడ్డుపడిరి, సంస్కర్తలు గెలిచిరి అని. ఇందు అబద్ధము లేదు గాని నిజము చాల తక్కువ. అడ్డుపడినవారందరు ఒకే మాట చెప్పలేదు. వారు చెప్పిన కొన్ని మాటలకు ఉదారవాదులు సరియైన సమాధానము చెప్పిరి, కొన్నిటికి చెప్పలేకపోయిరి. గెలిచినది ఎవరన్నదియు అంత తేలికగా తేలు విషయము కాదు.

మొదట స్థితి యెట్లుండెనో చూడవలెను. మితాక్షర ప్రకారము కొడుకునకు పితృార్జితమైన ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతోనే హక్కు కలుగును. కొడుకు, మనుమడు, మునిమనుమడు, ఈ వరుస దాయాదులది. వారిలో ఒకరు గతించినచో అతని భాగము మిగిలినవారికి చేరును. కూతురు ఈ వరుసలో లేదు. ఆమెకు పోషణ, పెండ్లి ఖర్చు, పుట్టింటివారు ప్రేమతో పెట్టిన స్త్రీధనము, అంతియే. వంగదేశమున జీమూతవాహనుని దాయభాగము చెల్లెను. అందు పుట్టుకతో హక్కు అను మాట లేదు, తండ్రి పోయిన పిదపనే వారసత్వము. తెలుగువారందరు మితాక్షర క్రిందివారే.

1937లో వచ్చిన హిందూ స్త్రీల ఆస్తిహక్కు చట్టము వితంతువునకు కొడుకుతో సమానముగా ఒక భాగమిచ్చినది. ఐతే అది జీవితకాలపు హక్కు మాత్రమే. అమ్ముటకు, ఇచ్చుటకు ఆమెకు స్వాతంత్ర్యము లేదు. అదియును గాక వ్యవసాయ భూమిపై శాసించు అధికారము కేంద్ర శాసనసభకు లేదు కనుక గవర్నరు పాలిత రాష్ట్రములలోని పొలములకు ఈ చట్టము వర్తించదని 1941లో ఫెడరల్ కోర్టు తీర్పు చెప్పెను. పొలమే ఆస్తియైన దేశమున పొలమును వదలి చట్టము చేసిరన్నమాట. ఇట్టి చిక్కులు విప్పుటకే అదే సంవత్సరమున సర్ బెనెగల్ నరసింగరావు అధ్యక్షతన ఒక సంఘము ఏర్పడినది. 1944లో దానిని పునర్నిర్మించిరి. ఆ సంఘము చిత్తుకోడును దేశభాషలలో ప్రకటించి, ఊరూర తిరిగి సాక్ష్యములు సేకరించినది. కొన్ని పట్టణములలో నల్లజెండాలు స్వాగతమిచ్చెను. 1947లో నివేదిక వెలువడునప్పటికి సభ్యులలో ఒకరైన ద్వారకానాథ మిత్రా భిన్నాభిప్రాయము వ్రాసిరి. వ్యతిరేకత వీధిలోనే కాదు, సంఘము లోపలనే కలదు.

రావు సంఘము కోరినవి ముఖ్యముగా ఇవి: ఏకపత్నీత్వము, విడాకులు, వర్ణాంతర వివాహమునకు చెల్లుబాటు, స్త్రీ ఆస్తిపై సంపూర్ణ హక్కు, పుట్టుకతో వచ్చు హక్కు రద్దు, కూతునకు కొడుకు భాగములో సగము. 1948 ఏప్రిలున బిల్లును సెలెక్టు కమిటీకి పంపిరి. న్యాయశాఖామాత్యులు అంబేద్కరు నడపిన ఆ కమిటీ కూతురి సగమును పూర్తి భాగము చేసెను. అసలు తుపాను అప్పుడు లేచినది.

సంప్రదాయ పక్షపు మొదటి వాదము శాస్త్రమును ఆశ్రయించినది. ధర్మము అనాదియైనది, దానిని మార్చు అధికారము ఏ శాసనసభకును లేదని స్వామి కరపాత్రి వంటివారు చెప్పిరి. 1949లో ఢిల్లీ రామలీలా మైదానమున జరిగిన సభలు ఈ మాటనే మారుమ్రోగించినవి. దీనికి అంబేద్కరు యాజ్ఞవల్క్యుని, పరాశరుని చూపి శాస్త్రముతోనే బదులు చెప్పెను. అది కొత్త పద్ధతి కాదు. 1855లో ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు పరాశరస్మృతిని పట్టుకొనియే వితంతు వివాహమును సమర్థించెను. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహము జరిపించిన వీరేశలింగము పంతులుగారు అంతకు ముందే స్మృతివచనములతో సభలలో పోరాడియుండిరి. ఈ పద్ధతి వలన తక్షణ ప్రయోజనము గొప్పది. కాని దాని వెల కూడ గొప్పదే. స్మృతిని సాక్షిగా పిలిచినవాడు స్మృతిని న్యాయమూర్తిగా అంగీకరించినవాడగును. స్త్రీకి భాగము న్యాయము గనుక ఈయవలెనా, పరాశరుడు కాదనలేదు గనుక ఈయవలెనా? ఉదారవాదులు రెండవ మాటనే యెక్కువగా చెప్పిరి, మొదటిదానిని నమ్మియు.

అంతకంటె బలమైన సమాధానము వేరొకటి కలదు. అనాది ధర్మమని చెప్పబడినది నిజమునకు ఇంగ్లీషు కచేరీలలో రూపుదిద్దుకొన్నది. కోర్టులలో శాస్త్రార్థము చెప్పుటకు నియమింపబడిన పండితుల ఉద్యోగములు 1864లో రద్దయ్యెను. ఆపై అనువాద గ్రంథములు, పాత తీర్పులు శాస్త్రము స్థానమున కూర్చుండెను. 1868లో రామనాథపురపు దావాలో ప్రీవీ కౌన్సిలు, స్పష్టముగా ఋజువైన ఆచారము గ్రంథవచనమును మించునని చెప్పినమాట నిజమే. ఐనను ఆచారమును ఋజువు చేయు భారము పేదవానిపైననే పడెను. తెలుగు దేశమున పెక్కు కులములలో మారుమనువు వాడుకలో నుండెను. పెద్దల యెదుట తెగతెంపులు చేసికొనుట యుండెను. విడాకులు అను మాటను ఏ పాశ్చాత్య విద్యావంతుడును సృష్టింపలేదు. అది మన పల్లెలది. హిందువులలో అధిక సంఖ్యాకులకు ఆచారము వలన విడాకులు ఇదివరకే కలవని అంబేద్కరు సభలో వాదించుట ఇందుచేతనే. 1955 వివాహ చట్టము కూడ ఆచార సిద్ధమైన విడాకులను తొలగింపక నిలిపినది. కావున సంప్రదాయ పక్షము కాపాడదలచినది ఎవరి సంప్రదాయమో అడుగవలసియున్నది. అగ్రవర్ణముల గృహనీతి హిందువులందరి ధర్మముగా మాటలాడబడినది. ఈ పొరపాటు రెండు పక్షములందును కలదు. సంస్కర్తలును పైకులముల వితంతువు కన్నీటినే ఎక్కువగా చూచిరి.

రెండవ వాదము శాస్త్రముతో నిమిత్తము లేనిది, అందుచేతనే గట్టిది. నాటి సభను వయోజనులెల్లరు ఎన్నుకొనలేదు. 1946లో పరిమితమైన ఓటుహక్కుతో ఏర్పడిన రాష్ట్ర శాసనసభలు పంపిన ప్రతినిధులే అందు కూర్చుండిరి. కోట్లాది గృహముల లోపలి విషయమును ప్రజల అనుమతి లేని సభ తేల్చవచ్చునా? బాబూ రాజేంద్రప్రసాదు అభ్యంతరములో ముఖ్యాంశము ఇదియే. ఆయనను మూఢాచారపరుడని కొట్టివేయుట తేలిక. ఆయన ప్రశ్నను కొట్టివేయుట తేలిక కాదు. ఆ సభయే సమానత్వమును ప్రాథమిక హక్కుగా రాజ్యాంగమున వ్రాయగలిగినప్పుడు ఆ సమానత్వమును ఇంటిలోనికి తెచ్చు చట్టము చేయలేదా యని ఉదారవాదులు ఎదురు ప్రశ్న వేసిరి. మాట చమత్కారముగనే యున్నది. కాని రాజ్యాంగరచన ఆ సభకు ఒప్పగింపబడిన పని. వారసత్వ చట్టము అట్టిది కాదు.

1951 సెప్టెంబరున ఈ వివాదము రాజ్యాంగ సంకటముగా మారినది. బిల్లు తన ముందుకు వచ్చినచో స్వంత విచక్షణతో వ్యవహరింప దలచినట్లు రాష్ట్రపతి ప్రధానికి వ్రాసెను. నెహ్రూ అటార్నీ జనరల్ సెతల్వాడును, అల్లాడి కృష్ణస్వామి అయ్యరును సంప్రదించెను. నెల్లూరు సీమ పుదూరున పుట్టిన అల్లాడి, రాష్ట్రపతి మంత్రిమండలి సలహాకు బద్ధుడని స్పష్టముగా చెప్పెను. సెతల్వాడు అభిప్రాయమును అదియే. హిందూ స్త్రీ వాటా గూర్చి లేచిన తగవు భారత రాష్ట్రపతి అధికారపు హద్దును నిర్ణయించుటకు నిమిత్తమైనదని చాలమందికి తెలియదు. బిల్లులో వివాహ భాగమును మాత్రము విడదీసి సాగింప జూచిరి. నాలుగవ క్లాజు దగ్గరనే బండి ఆగెను. సెప్టెంబరు 27న అంబేద్కరు రాజీనామా యిచ్చెను. షెడ్యూల్డు కులముల యెడ ప్రభుత్వ వైఖరి, విదేశాంగ నీతి మొదలగు కారణములను కూడ ఆయన తన ప్రకటనలో పేర్కొనెను. ఐనను హిందూకోడును నడిమధ్యలో వదలివేయుట ఆయనను గాయపరచినంతగా మరేదియు గాయపరచలేదని ఆ ప్రకటన చదివినవారికి తోచకపోదు.

తరువాత వచ్చిన మొదటి సార్వత్రిక ఎన్నికలలో ఫూల్‌పూరున ప్రభుదత్త బ్రహ్మచారి అను సన్యాసి, హిందూకోడు వ్యతిరేకతయే ప్రచారముగా నెహ్రూపై నిలిచి ఓడెను. ఆ యెన్నిక కోడుపై తీర్పు అనుట అతిశయోక్తియే. ఓటరు ఒక్క విషయమును చూచి ఓటు వేయడు. కాని ప్రజల అనుమతి లేని సభయను ఆక్షేపణ మాత్రము అంతటితో చెల్లిపోయినది. అటుపిమ్మట ఆ ఆక్షేపణ చేసినవారిలో ఎందరు బిల్లును సమర్థించిరి? మిక్కిలి కొద్దిమంది. ప్రతినిధి ధర్మము గూర్చిన వాదము పెక్కురకు అరువు తెచ్చుకొన్న ఆయుధమేయని అప్పుడు తెలిసినది.

మూడవ వాదము, హిందువులకే యెందుకు? అందరికిని ఒకే స్మృతి యేల చేయరాదు? శ్యామాప్రసాద ముఖర్జీ మొదలగువారు ఈ ప్రశ్న వేసిరి. రాజ్యాంగపు 44వ అధికరణము ఏకపౌరస్మృతిని ఆదర్శముగా చెప్పుచుండగా ప్రభుత్వము చెప్పిన జవాబు దుర్బలముగానే వినబడెను. దేశవిభజన గాయములు ఆరని కాలమున అల్పసంఖ్యాకుల గృహధర్మమును ముట్టుట తగదని నెహ్రూ తలచెను. మతముతో నిమిత్తము లేక ఎవరైనను ఆశ్రయింపదగిన ప్రత్యేక వివాహ చట్టమును 1954లో తెచ్చిరి. పెద్ద సంస్కారమును చూపి చిన్న సంస్కారమును ఆపుట వాదములలో పాత ఎత్తుగడ. ఐనంత మాత్రమున ప్రశ్న తప్పు కాదు. కాలక్రమమున పక్షములు స్థానములు మార్చుకొనుట విచిత్రము. ఆనాడు వ్యక్తిగత ధర్మమును రాజ్యము ముట్టరాదన్న ధోరణికి వారసులైనవారే తరువాత ఏకస్మృతి కావలెనని కోరసాగిరి. స్త్రీల సమానత్వమునకై రాజ్యము జోక్యము చేసికొనవలెనన్నవారి వారసులు వెనుకముందు లాడసాగిరి. ఉత్తరాఖండ రాష్ట్రము 2024లో అట్టి స్మృతిని శాసించి 2025 జనవరిలో అమలుకు తెచ్చినప్పుడు ఈ తారుమారు మరల కన్నులకు కట్టినది.

నాలుగవ వాదము భూమికి సంబంధించినది. గ్రంథములలో దీనికి తక్కువ చోటు, పల్లెలలో మాత్రము ఇదియే అసలు వాదము. కూతునకు పొలమిచ్చినచో అది అల్లుని ఊరివారి చేతిలో పడును, కమతములు ముక్కలగును, అన్నచెల్లెండ్రు కచేరీకెక్కుదురు. ఈడపిల్ల కాదు, ఆడపిల్ల యని మనవారు మాట విరిచి చెప్పుదురు. వ్యుత్పత్తి నిలుచునో లేదో గాని, ఆ విరుపులో ఒక వారసత్వ చట్టమంతయు ఇమిడియున్నది. కమతములు చీలునన్న భయము నిరాధారము కాదు. కాని నలుగురు కొడుకులున్న యింట పొలము నాలుగగును; ముగ్గురు కొడుకులు, ఒక కూతురు ఉన్నను నాలుగే యగును. కమతము చీలునని భయపడి రెండవ కొడుకునకు భాగము మానుమని ఎవ్వరును సభలో సవరణ ప్రతిపాదింపలేదు. కొడుకులు పంచుకొన్నప్పుడు ముక్కలు కాని నేల కూతురు అడుగగనే ముక్కలగునా? రాజమహేంద్రవరపు ఆడపడుచు దుర్గాబాయి సభలో కూతుళ్ళ హక్కును గట్టిగా సమర్థించిరి; హంసా మెహతా, రేణుకా రాయి మొదలగువారు తోడుపడిరి.

ఇంతలో మద్రాసు రాష్ట్రము 1949లోనే బహుభార్యాత్వమును నిషేధించి విడాకులకు వీలు కల్పించుచు చట్టము చేసియుండెను. నాడు ఆ రాష్ట్రములోని ఆంధ్ర జిల్లాలలో ఆకాశము విరిగి పడలేదు. ధర్మము కూలునన్న జోస్యము నిజము కాలేదనుటకు కనుల యెదుటి సాక్ష్యమిది. దానినెవరును ఎక్కువగా ఉదాహరింపకపోవుట ఆశ్చర్యము.

1955, 56 సంవత్సరములలో కోడు నాలుగు ముక్కలుగా నెరవేరినది: వివాహ చట్టము, వారసత్వ చట్టము, మైనరుల సంరక్షణ చట్టము, దత్తత పోషణ చట్టము. న్యాయశాఖను చూచిన పాటస్కరు వీనిని నడిపించెను. రాజేంద్రప్రసాదే వీనిపై సంతకము చేసెను. ఇక్కడ కథ ముగిసినదని తలచుట వలననే పొరపాటు కలుగుచున్నది. వారసత్వ చట్టపు ఆరవ సెక్షనును చదువవలెను. రావు సంఘము రద్దు చేయ జూచిన పుట్టుక హక్కు అందు యథాతథముగా నిలిచినది. కూతునకు దొరకినది ఉమ్మడి ఆస్తిలో భాగము కాదు. ఆ ఆస్తిలో తండ్రికి చెందునని లెక్కకట్టిన భాగములో భాగము.

లెక్క వేసి చూచిన తెలియును. ఒక రైతు కలడు, భార్య గతించినది, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. ఉమ్మడి పొలము తొమ్మిది ఎకరములు. రైతు మరణించినచో, ముందుగా తండ్రి, ఇద్దరు కొడుకులు పంచుకొన్నట్లు భావింతురు: తలకు మూడెకరములు. తండ్రి మూడెకరములు ముగ్గురు బిడ్డలకు సమానము: తలకు ఒకటి. కడకు ఒక్కొక్క కొడుకునకు నాలుగెకరములు, కూతునకు ఒక ఎకరము. సమాన భాగమని శాసనసభలో ప్రకటింపబడిన దాని అసలు కొలత ఇది. ఆ ఒక్క ఎకరమును కూడ తండ్రి వీలునామా వ్రాసి ఇంకొకరికి ఈయవచ్చును. పితృగృహములో తన వాటా విడదీయుమని కూతురు తానుగా అడుగుటకు 23వ సెక్షను ఒప్పుకొనలేదు. సోదరులు పంచుకొన దలచువరకు ఆమె వేచియుండవలెను. సంప్రదాయ పక్షము ఓట్లలో ఓడి సెక్షనులలో గెలిచినదనుట న్యాయము.

ఐతే 14వ సెక్షను నిజమైన విజయము. అంతకు ముందు స్త్రీకి జీవితకాలమునకే చెందిన ఆస్తి ఆ సెక్షనుతో ఆమె సొంతమైనది. పోషణకై కొంత ఆస్తిని రాజీ మీద జీవితకాలమునకు పొందిన ఒక తెలుగు వితంతువు దానిని అమ్మగా, భర్త సోదరుడు దావా వేసెను. 1977లో సుప్రీంకోర్టు ఆమె పక్షమున తీర్పు చెప్పి, పోషణ హక్కునకు బదులుగా వచ్చినది సంపూర్ణ హక్కేయని నిర్ణయించినది. ఆ తీర్పు దేశమంతటికిని ప్రమాణమైనది.

ఆరవ సెక్షను లోపమును ఢిల్లీ దాదాపు ఏబది యేండ్లు ముట్టలేదు. ఆ పని ఆంధ్రప్రదేశమున జరిగినది. నందమూరి తారక రామారావు ప్రభుత్వ కాలమున వచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5వ తేదీ నుండి కూతురిని కొడుకువలెనే పుట్టుకతో దాయాదిని చేసెను. అప్పటికే వివాహమైనవారిని మాత్రము మినహాయించెను. పై లెక్కను మరల వేసినచో నలుగురికి తలకు రెండుంబావు, తండ్రి రెండుంబావు ముగ్గురికి ముప్పావు చొప్పున. ముగ్గురు బిడ్డలకు మూడేసి ఎకరములు. తమిళనాడు, కర్ణాటకము, మహారాష్ట్రము ఈ దారి పట్టెను. కేరళము అంతకు ముందే, 1975లో, ఉమ్మడి కుటుంబపు హక్కునే రద్దుచేసి వేరు మార్గమున పోయెను. కేంద్రము 2005లో దేశమంతటికి ఈ సవరణ చేసి 23వ సెక్షనును తొలగించినది. 2005 నాటికి తండ్రి జీవించియుండకపోయినను కూతురి హక్కు చెల్లునని 2020 ఆగస్టున సుప్రీంకోర్టు తేల్చెను. 1948లో సెలెక్టు కమిటీ ఒక్క వాక్యమున కోరిన సమత అక్షరములలోనికి వచ్చుటకు డెబ్బది రెండేండ్లు పట్టినది.

ఇక ఉదార పక్షపు తప్పు చెప్పవలసియున్నది. సెక్షను మారినచో ఇల్లు మారునని వారు నమ్మిరి. అన్నచెల్లెండ్ర ప్రేమ చెడునని సనాతనులు అన్నప్పుడు నవ్విరి. ఆ ప్రేమ ఎంత బరువైనదో సనాతనులకే బాగుగా తెలియును. భాగము అడిగిన ఆడపడుచునకు పుట్టిల్లు దూరమగును. పండుగకు పిలుపుండదు, పురిటికి గది యుండదు. భాగమా, పుట్టిల్లా యని ఎన్నుకొనుమన్నప్పుడు పెక్కుమంది పుట్టింటినే ఎన్నుకొందురు. పసుపు కుంకుమల క్రింద ఇచ్చిన అరయెకరమో, కట్నముగా పోసిన రొక్కమో వాటాకు సరియని ఇరువైపులవారు ఒప్పుకొందురు. ఆ పైన హక్కు విడుదల పత్రము. పెండ్లి ఖర్చును వాటాలో కట్టుట 1937కు ముందటి మితాక్షరయే; మారినదెల్ల ఇప్పుడు ఆమె సంతకము అవసరమగుట.

ఆ సంతకము అవసరమగుట చిన్న మార్పు కాదనువారును కలరు. పూర్వము ఎవరును ఆమెను అడుగలేదు. ఇప్పుడు అడుగక తీరదు. అన్నగారు బండి కట్టించుకొనియో, కారులోనో, చెల్లెలి ఊరికి వచ్చి, చీర పెట్టి, రిజిస్ట్రారు కచేరీకి తోడుకొని పోవలెను. దస్తావేజు వ్రాయు లేఖరి దగ్గర మాటలు సిద్ధముగా నుండును: ఎవరి బలవంతము లేక, నా ఇష్టపూర్వకముగా, నాకు ముట్టవలసినది ముట్టినందున. ఆమె కచేరీ మెట్లెక్కునప్పటికే ఆ మాటలు వ్రాయబడి, పేరునకు మాత్రము ఖాళీ విడువబడియుండును.